ఆకు లోపలి అడవి: పాలమూరు నుంచి నల్లగొండ దాకా

పచ్చగా, ఆరోగ్యంగా ఉన్న ఏ చెట్టు ఆకును తీసుకున్నా దాని కణాల మధ్య కంటికి కనబడని శిలీంద్రాలు బతుకుతూ ఉంటాయి. ఆకు మీద మచ్చ ఉండదు, బూజు ఉండదు, చెట్టుకు జబ్బు లక్షణమేదీ కనబడదు. మొక్క లోపల ఇలా చడీచప్పుడు లేకుండా ఉండే జీవులను ఎండోఫైట్లు అంటారు. జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ 1866లో ఈ మాటను శాస్త్ర వాడుకలోకి తెచ్చాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా వీటి గురించి పట్టించుకున్నవారు తక్కువే. పంటకు నష్టం చేసే తెగుళ్ల మీద ఉన్న శ్రద్ధ, ఆకులో ఒదిగి ఉండే వీటి మీద లేకపోయింది.

ఆ శ్రద్ధ మొదట మళ్లింది పైన్, ఫర్, స్ప్రూస్ వంటి సూదిఆకుల చెట్ల మీదికి. అమెరికాలోని ఒరెగాన్‌లో జార్జ్ కారొల్, ఆయన సహచరులు 1970లలో ఈ పని చేపట్టారు. సూదిఆకు ఒక్క ఏడాదిలో రాలిపోదు. చెట్టును బట్టి కొన్ని ఏళ్ల పాటు కొమ్మనే అంటిపెట్టుకుని ఉంటుంది. ఒకే కొమ్మ మీద ఈ ఏటి ఆకు, నిరుటి ఆకు, అంతకుముందు ఏళ్ల ఆకు వరుసగా దొరుకుతాయి కాబట్టి, వయసు పెరిగేకొద్దీ లోపల ఏం మారుతుందో చూడటం తేలిక. కొత్త ఆకులో శిలీంద్రాలు దాదాపు ఉండవని, ఏడాది ఏడాదికీ పెరుగుతాయని, ముదురు ఆకుల్లో అవి లేని ఆకు అరుదని తేలింది. డగ్లస్ ఫర్ ఆకులోని రాబ్డోక్లైన్ పార్కెరి అనే శిలీంద్రం తీరు మరీ విశేషం. అది ఆకు పైపొరలోని ఒకే ఒక్క కణంలో చేరి, ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోతుంది. ఆకు పండబారే సమయం వచ్చాకే మిగతా భాగంలోకి పాకుతుంది.

దక్షిణ తెలంగాణ ఎత్తు నేలల్లో సహజంగా పెరిగే సూదిఆకు చెట్టు లేదు. ద్వీపకల్ప భారతంలో స్థానికమైనది పడమటి కనుమల్లోని నాజియా వాలిచియానా ఒక్కటే. అరకు, చింతపల్లి వైపు కనిపించే పైన్ తోటలు మనుషులు నాటినవి. తోటల్లోని సరుగుడు ఆకులు సూదుల్లా ఉన్నా అది సూదిఆకు చెట్ల కోవకు చెందినది కాదు. సూదుల్లా కనిపించేవి నిజానికి సన్నని పచ్చని రెమ్మలు. అయితే ఆకు వయసుకూ శిలీంద్రానికీ ఉన్న సంబంధం ఇక్కడి మర్రిలో, మామిడిలో, తునికిలో, బత్తాయిలో, వేపలో కూడా ఉంది. పాలమూరు అని కూడా పిలిచే మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూలు, కొల్లాపూర్, అచ్చంపేట, నల్లమల, డిండి, దేవరకొండ మీదుగా నల్లగొండ చేరే దారి, ఆ సంబంధాన్ని ఒక్కో చెట్టు దగ్గర ఒక్కో కోణం నుంచి చూపిస్తుంది.

పిల్లలమర్రి నీడలో

మహబూబ్‌నగర్ పట్టణానికి సుమారు 4 కిలోమీటర్ల దూరంలో ఉంది పిల్లలమర్రి. మూడు ఎకరాలకు పైగా పరుచుకున్న ఈ చెట్టు వయసు ఏడు వందల ఏళ్లని చెబుతారు. 2017 డిసెంబరులో దీని పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. చెదలు లోపలి నుంచి తొలిచేసినట్టు తెలిశాక సందర్శకులను ఆపారు. 2018లో చెదల మందును నీళ్లలో కలిపి సెలైన్ సీసాల ద్వారా చుక్కలు చుక్కలుగా కాండంలోకి ఎక్కించారు. బరువు మోయలేని కొమ్మలకు కింద ఆధారాలు కట్టారు. ఆ వైద్యం దేశమంతా వార్త అయింది.

మాను వయసు శతాబ్దాల్లో ఉన్నా దాని ఆకు వయసు ఏడాదికి మించదు. ఏడాది పొడవునా పచ్చగా కనిపించే మర్రి కూడా ఎండలు ముదిరే ముందు పాత ఆకు రాల్చి కొత్త ఆకు వేస్తుంది. మొగ్గ విప్పుకున్న లేత ఆకు లోపల శిలీంద్రాలు దాదాపు ఉండవు. కొన్ని గడ్డిజాతుల్లో ఎండోఫైట్ తల్లి మొక్క నుంచి విత్తనం ద్వారానే పిల్ల మొక్కకు చేరుతుంది. చెట్ల ఆకుల్లో చాలావరకు అలా జరగదు. ప్రతి ఆకూ తన శిలీంద్రాలను బయటి నుంచే తెచ్చుకోవాలి. గాలిలో తేలి వచ్చిన, వాన చినుకు చిమ్మిన, పక్క ఆకు నుంచి జారిన సిద్ధబీజాలు (శిలీంద్రాల విత్తనాల్లాంటివి) ఆకు మీద పడతాయి. తడి తగలగానే మొలకెత్తి, పత్రరంధ్రం గుండానో పైపొరను చీల్చుకునో లోపలికి దిగుతాయి. దిగిన చోట మిల్లీమీటర్ల మేర మాత్రమే పాకి ఆగిపోతాయి. అందుకే ఒక ఆకులో ఒకే శిలీంద్రం పరచుకుని ఉండదు. వేర్వేరు జాతులు చిన్న చిన్న తావుల్లో విడివిడిగా ఉంటాయి.

వీటిని పరిశోధకులు బయటపెట్టే పద్ధతి చూడటానికి సులువే, కానీ ఓపిక కావాలి. ఆకును కడిగి ముందు ఆల్కహాలులో, తర్వాత సోడియం హైపోక్లోరైట్‌లో కొద్ది నిమిషాలు ముంచి, శుద్ధిచేసిన నీటిలో కడుగుతారు. దీంతో ఆకు పైన ఉన్నవన్నీ చచ్చిపోతాయి, లోపల ఉన్నవి మిగులుతాయి. ఆకును అర సెంటీమీటరు ముక్కలుగా కోసి, బ్యాక్టీరియా పెరగకుండా యాంటీబయాటిక్ కలిపిన అగర్ అనే జెల్లీ మీద పేరుస్తారు. కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల లోపు ముక్కల అంచుల నుంచి దారాల్లాంటి శిలీంద్రాలు బయటికి వస్తాయి. అగర్ మీద పెరగడానికి ఇష్టపడనివి కూడా చాలా ఉంటాయి. వాటిని డీఎన్ఏ ద్వారా గుర్తిస్తారు. శిలీంద్రాల గుర్తింపుకు ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని 2012లో ప్రామాణికంగా ఎంచుకున్నారు.

ఈ లెక్కల్లో తేలిన వైవిధ్యం ఆశ్చర్యం కలిగిస్తుంది. పనామా అడవిలో ఎలిజబెత్ ఆర్నాల్డ్ బృందం రెండే రెండు జాతుల చెట్ల నుంచి 83 ఆరోగ్యకరమైన ఆకులు తీసుకుంటే, వాటిలో రూపాన్ని బట్టి 418 రకాల శిలీంద్రాలు బయటపడ్డాయి. ఈ ఫలితం 2000లో వెలువడింది. అదే బృందం 2003లో కోకో ఆకుల మీద మరో ముఖ్యమైన సంగతి చూపింది. ఎండోఫైట్లు ఉన్న ఆకులను ఫైటోఫ్తోరా తెగులు తక్కువగా దెబ్బతీసింది. ఆ రక్షణ లేత ఆకుల్లో కంటే ముదురు ఆకుల్లో ఎక్కువగా కనిపించింది.

కొల్లాపూర్ మామిడి కొమ్మ

జడ్చర్ల దాటి నాగర్‌కర్నూలు మీదుగా దక్షిణానికి సాగితే చెలకలు, బండరాళ్ల గుట్టలు, కుంటలు దారి పొడవునా వస్తాయి. కృష్ణకు దగ్గరపడేకొద్దీ మామిడి తోటలు చిక్కబడతాయి. కొల్లాపూర్ మామిడికి తెలంగాణలో మంచి పేరుంది.

సూదిఆకు కొమ్మ మీద పరిశోధకులకు దొరికిన సౌకర్యం ఇక్కడ మామిడి కొమ్మ మీద దొరుకుతుంది. మామిడి ఏడాదిలో ఒకటికంటే ఎక్కువసార్లు ఇగురు వేస్తుంది. ఒక్కో ఇగురుకూ మధ్య కొమ్మ మీద తేడా తెలుస్తుంది. ఆకు ఏడాది దాటి కూడా నిలుస్తుంది. దాంతో కొస నుంచి మొదలు వైపు చూస్తే రాగి రంగు లేత ఆకు, మెత్తటి లేతపచ్చ ఆకు, దళసరి ముదురాకుపచ్చ ఆకు ఒకే కొమ్మ మీద వరుసగా ఉంటాయి. లేత ఆకుకు ఆ ఎరుపు ఎందుకన్న ప్రశ్నకు ఫిలిస్ కోలీ, మిచెల్ ఐడ్ 1989లో ఒక ప్రతిపాదన చేశారు. ఉష్ణమండలపు లేత ఆకుల్లోని ఆంథోసయనిన్ అనే ఎర్ర వర్ణకం శిలీంద్రాల నుంచి రక్షణగా పనిచేస్తుండవచ్చని వారి ఆలోచన. పైపొర ఇంకా గట్టిపడని దశలో ఆకుకు ఇలాంటి రసాయన రక్షణ అవసరమే.

లోపల ఒదిగి ఉండే శిలీంద్రం సంగతి మామిడి రైతుకు కాయ దగ్గర సూటిగా తగులుతుంది. చెట్టు మీద నిగనిగలాడుతూ ఉన్న కాయ, కోసి మాగబెట్టాక తొడిమ దగ్గర నల్లబడి కుళ్లడం అందరూ చూసిందే. ఆస్ట్రేలియాలో మామిడి మీద పనిచేసిన జాన్సన్, ఆయన సహచరులు 1992లో దీని మూలాన్ని వివరించారు. తొడిమ కుళ్లు శిలీంద్రాలు కొమ్మలో ఎండోఫైట్లుగా ఉండి, అక్కడి నుంచి పూగుత్తిలోకి, పూగుత్తి నుంచి కాయ తొడిమలోకి చేరతాయి. పచ్చికాయ తొక్కలో శిలీంద్రాలను అడ్డుకునే రిసార్సినాల్ వంటి పదార్థాలు ఉంటాయి. కాయ మాగేకొద్దీ అవి తగ్గిపోతాయి. అప్పటిదాకా కదలకుండా ఉన్న శిలీంద్రం అప్పుడు పైచేయి సాధిస్తుంది. అందుకే కోత తర్వాత మందు ఒక్కదాన్నే నమ్ముకుంటే చాలదు. తోటలో ఎండుపుల్లలు కత్తిరించి తీసేయడం, తొడిమ కొంత ఉంచి కాయ కోయడం, సొన కాయ మీద పడకుండా చూడటం కూడా అంతే అవసరం.

మన్ననూరు నుంచి ఫర్హాబాద్

అచ్చంపేట దాటి హాజీపూర్ దగ్గర హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు ఎక్కితే మన్ననూరు చెక్‌పోస్టుతో నల్లమల మొదలవుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఇక్కడ వాహనాలను వదలరు. ఇక్కడి నుంచి పైకి పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలు రెంటిలోనూ ఇది ఉంది. నాగర్‌కర్నూలు జిల్లా 2016 అక్టోబరు దాకా పాత మహబూబ్‌నగర్‌లో భాగం. దారికి అటూ ఇటూ నల్లమద్ది, చిరుమాను, ఏగిస, నారేప, తునికి, టేకు. అక్కడక్కడా పెంటలు అనే చెంచుల ఆవాసాలు. ఫర్హాబాద్ వ్యూ పాయింట్ నుంచి చూస్తే అడవి మడతలు మడతలుగా దిగువకు జారిపోతూ కనబడుతుంది.

ఇది ఆకురాల్చే పొడి అడవి. సూదిఆకు కొన్నేళ్లలో గడిపే జీవితాన్ని ఇక్కడి ఆకు కొన్ని నెలల్లోనే ముగిస్తుంది. వేసవి చివర, తొలకరి వేళ ఇగురు, వానకాలమంతా పచ్చదనం, చలి తగ్గేసరికి పండబారడం, ఎండలు మొదలయ్యేసరికి రాలడం. ఈ కొద్దికాలంలోనే శిలీంద్రాలు లోపలికి చేరాలి. అందుకు వాన కావాలి. చెన్నైకి చెందిన శిలీంద్ర శాస్త్రవేత్త టి.ఎస్. సూర్యనారాయణన్, ఆయన సహచరులు తమిళనాడులోని నీలగిరి జీవావరణంలో తక్కువ వాన అడవుల నుంచి ఎక్కువ వాన అడవుల దాకా చెట్ల ఆకులను పోల్చి 2002లో ఫలితాలు ప్రచురించారు. అక్కడి పొడి అడవుల చెట్లు చాలావరకు నల్లమల చెట్లకు బంధువులే. ఎండాకాలం ఆకుల కంటే వానకాలం ఆకుల్లో ఎండోఫైట్లు ఎక్కువగా దొరికాయి. వాన ఎక్కువ పడే అడవులతో పోలిస్తే పొడి అడవుల చెట్లలో వాటి రకాలు తక్కువ.

పొడి అడవికి ఇంకో లక్షణం కూడా ఉంది. ఒక్కో చెట్టుకు ప్రత్యేకంగా ఒక్కో శిలీంద్రం ఉండటం కంటే, కొన్ని శిలీంద్రాలే పలు జాతుల చెట్లలో ఉండటం ఎక్కువ. ఫిల్లోస్టిక్టా కాపిటలెన్సిస్ ఇందుకు మంచి ఉదాహరణ. ఒకదానితో ఒకటి చుట్టరికం లేని చెట్ల ఆకుల్లో దొరికిన ఫిల్లోస్టిక్టా డీఎన్ఏను పోల్చిన భారతీయ పరిశోధకులకు అదంతా ఒకే జాతి అని 2003లో తేలింది. ఫోమాప్సిస్ అనే మరో శిలీంద్ర ప్రజాతి విషయంలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. ఏటా ఆకు రాలి నెలల తరబడి చెట్లు బోడిగా ఉండే అడవిలో, ఏ చెట్టు ముందు చిగురిస్తే ఆ చెట్టులోకి వెళ్లగలిగే శిలీంద్రానికే మనుగడ సులువు.

తునికాకు సేకరణ కూడా ఆకు వయసు మీద ఆధారపడిన పనే. వేసవికి ముందు తునికి తుప్పలను కొడతారు. కొట్టిన మొదళ్ల నుంచి వచ్చే కొత్త ఆకును ఎండాకాలంలో కోస్తారు. 50 ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. కోసిన ఆకు కల్లంలో ఎండుతుంది. బీడీకి పనికొచ్చేది మచ్చలేని, మెత్తని, చుట్టినా చిరగని ఆకు. వానలు పడి, ఆకు ముదిరి, శిలీంద్రాలు బాగా చేరకముందే ఈ కోత అయిపోతుంది. ఎండోఫైట్ల పేరు వినకపోయినా, ఏ వయసు ఆకు శుభ్రంగా ఉంటుందో తునికాకు కోసే చేతులకు తరాలుగా తెలుసు.

రాలిన ఆకుతో శిలీంద్రం పని అయిపోదు. ఇంకా చెప్పాలంటే చాలా ఎండోఫైట్లకు అసలు పని అప్పుడే మొదలవుతుంది. జైలేరియా వంటివి బతికున్న ఆకులో నిమ్మళంగా ఉండి, ఆకు నేలకు చేరాక దాన్ని కుళ్లబెట్టి మట్టిగా మార్చే పనికి అందరికంటే ముందు దిగుతాయి. బయటి శిలీంద్రాలు వచ్చేసరికే ఇవి లోపల ఉంటాయి. చెట్టు తీసుకున్న పోషకాలు తిరిగి నేలకు చేరడంలో వీటి పాత్ర పెద్దది. అయితే నల్లమలలో ఎండాకాలం రాలిన ఆకుకు నిప్పు భయం ఉంది. దీనికి కూడా కొన్ని శిలీంద్రాలు సిద్ధపడ్డాయి. సూర్యనారాయణన్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పడమటి కనుమల్లోని కార్చిచ్చు సోకే అడవుల నుంచి తీసిన కొన్ని శిలీంద్రాల సిద్ధబీజాలు 100 డిగ్రీల పొడి వేడిని రెండు గంటల పాటు తట్టుకున్నాయి. శిలీంద్రాల్లో అంత వేడికి ఓర్చుకోగలవి చాలా తక్కువ.

డిండి దాటాక బత్తాయి

అడవి దిగి డిండి జలాశయం దగ్గరికి వస్తే నల్లగొండ జిల్లా మొదలవుతుంది. దేవరకొండ దాటి నల్లగొండ వైపు సాగే దారిలో బత్తాయి తోటలు తగులుతాయి. తెలంగాణలో బత్తాయికి ప్రధానమైన జిల్లా ఇదే.

బత్తాయి, నారింజ, నిమ్మ జాతి తోటల ప్రపంచంలో ఎండోఫైట్ ఒకటి చాలాకాలం అయోమయం సృష్టించింది. నల్లమచ్చ తెగులుకు కారణం ఫిల్లోస్టిక్టా సిట్రికార్పా. ఇది ఉన్న కాయలను యూరప్ దేశాలు ఓడరేవులోనే ఆపేస్తాయి. కానీ నల్లమచ్చ ఎరుగని ప్రాంతాల తోటల్లో కూడా అచ్చం అలాంటి శిలీంద్రమే దొరుకుతూ ఉండేది. బాయెన్, ఆయన సహచరులు 2002లో ఈ చిక్కు విప్పారు. జబ్బు చేయని ఆ రకం వేరే జాతి అని, అడవి చెట్లలో దొరికే ఫిల్లోస్టిక్టా కాపిటలెన్సిసే అని చూపారు. అంటే నల్లమల ఆకుల వంటి వాటిలో హాని చేయకుండా ఉండే జీవిని, తోటలో తెగులుగా భ్రమపడిన సందర్భాలు ఉన్నాయన్నమాట. సూక్ష్మదర్శినిలో దాదాపు ఒకేలా కనిపించే రెండింటిని విడదీయడానికి డీఎన్ఏ పరీక్ష అవసరమైంది.

ఈ రెండు జాతులకూ ఉన్న పోలిక జీవన విధానంలో కూడా ఉంది. నల్లమచ్చ శిలీంద్రం లేత ఆకులోకి, పిందెలోకి ప్రవేశించి నెలల తరబడి కదలకుండా ఉంటుంది. ఆకు రాలి నేల మీద తడుస్తూ ఆరుతూ ఉన్నప్పుడు అందులో సిద్ధబీజాలు తయారై, మళ్లీ కొత్త ఇగురు మీదికి ఎగురుతాయి. అందుకే ఈ తెగులున్న దేశాల్లో తోట కింద రాలిన ఆకును తీసేయడం లేదా త్వరగా కుళ్లేలా చేయడం రక్షణ చర్యల్లో ముఖ్యమైనది.

నల్లగొండ వేప

2021లో నల్లగొండతో సహా తెలంగాణ అంతటా వేపచెట్లు కొసల నుంచి ఎండటం మొదలైంది. వానకాలం చివర పచ్చగా ఉండాల్సిన చెట్లు మంట తగిలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. ఊళ్లలో, రోడ్ల పక్కన, పొలం గట్ల మీద ఎక్కడ చూసినా అదే. వేపను దేవతగా కొలిచే ఊళ్లు అది చూసి కలత చెందాయి. ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దీనికి కారణం ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంద్రమని చెప్పారు. ఈ కొమ్మ ఎండు తెగులు దేశానికి కొత్త కాదు. 1990లలోనే దెహ్రాదూన్ ప్రాంతంలో నమోదైంది. విత్తనం ద్వారా కూడా వ్యాపిస్తుందని మైసూరు పరిశోధకులు చూపారు. తర్వాతి వేసవిలో చాలా చెట్లు మళ్లీ చిగురించాయి.

ఫోమాప్సిస్ పేరు ఈ దారిలో ఇంతకు ముందే వచ్చింది. అడవి చెట్ల ఆకుల్లో నిశ్శబ్దంగా ఉండే ఎండోఫైట్లలోనూ, వేప కొమ్మలను ఎండగొట్టిన తెగులులోనూ ఉన్నది అదే ప్రజాతి. ఒకే కుదురులో మిత్రుడూ శత్రువూ ఉండటం శిలీంద్రాల్లో మామూలే. జాతి మారితే స్వభావం మారుతుంది. ఒక్కోసారి జాతి మారకుండానే, చెట్టు బలహీనపడితే స్వభావం మారుతుంది. నీటి ఎద్దడి, వేర్ల చుట్టూ కాంక్రీటు, పురుగులు చేసే గాయాలు, విచక్షణ లేని కొమ్మ నరుకుడు ఇవన్నీ తూకాన్ని శిలీంద్రం వైపు మొగ్గేలా చేస్తాయి.

వేపలోని శిలీంద్రాలన్నీ శత్రువులు కావు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం పరిశోధకులు వారణాసి వేపచెట్ల బెరడు, కాండం, ఆకుల నుంచి 18 రకాల ఎండోఫైట్లను వేరుచేసి 2007లో ప్రకటించారు. వేపకు పురుగులను తరిమే శక్తినిచ్చే అజాడిరాక్టిన్‌ను తయారుచేయగల ఎండోఫైట్ ఒకటి వేపలోనే దొరికిందని 2012లో మరో బృందం తెలిపింది. క్యాన్సర్ మందు టాక్సాల్ విషయంలోనూ అంతకు ముందే ఇలాంటిదే జరిగింది. పసిఫిక్ యూ అనే సూదిఆకు చెట్టు బెరడులో దొరికే ఆ మందును, ఆ చెట్టు లోపలి శిలీంద్రం కూడా కొద్ది మోతాదులో తయారుచేస్తుందని 1993లో వెల్లడైంది.

ఈ దారిలోని చెట్లన్నీ కలిపి చెప్పే సంగతి ఒక్కటే. ఆకు ఆరోగ్యం అంటే శిలీంద్రం లేకపోవడం కాదు. ఆకు వయసుకూ, చెట్టు బలానికీ, లోపలి శిలీంద్రాలకూ మధ్య పొత్తు కుదరడం. ఆ పొత్తును కాపాడటం మనుషుల చేతిలో కొంత ఉంది. వేప, మామిడి చెట్లకు ఎండిన రెమ్మలు కత్తిరించి తోట బయటికి తీసుకుపోవాలి. తెగుల్లేని చోట రాలిన ఆకును తగలబెట్టకుండా చెట్టు మొదట్లోనే కుళ్లనివ్వాలి. ఊరి చెట్ల మొదళ్ల చుట్టూ సిమెంటు పోయకుండా నీళ్లు ఇంకే జాగా వదలాలి. అడవిలో వేసవి నిప్పును ఆపాలి.

మహబూబ్‌నగర్‌లో 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం, నల్లగొండలో 2007లో ఏర్పడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఈ దారికి రెండు కొసల్లో ఉన్నాయి. మధ్యలో మర్రి, మామిడి, నల్లమల, బత్తాయి, వేప అన్నీ ఉన్నాయి. వానకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి ఆకులు కోసుకొచ్చి వరుసగా కొన్నేళ్లు పరీక్షించడానికి కావాల్సింది ఖరీదైన యంత్రాల కంటే ముందు ఓపిక, క్రమశిక్షణ. ఈ రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఆ పనికి పూనుకోవాలి. తమ ఊరి చెట్టు ఆకు లోపల ఏమేమి ఉన్నాయో తెలిసిన తరమే, రేపు ఆ చెట్టుకు జబ్బు చేసినప్పుడు సరైన వైద్యం చేయగలుగుతుంది.